వర్తకుడు కలము పట్టవలెనా?

ఒక చిన్న పట్టణములో విత్తనాల దుకాణము ఉన్నదనుకొందాము. తొలకరి పడేసరికి దుకాణము ముందు రైతులు బారులు తీరుతారు. “ఈ రకము మా నల్లరేగడికి సరిపడుతుందా?” “కందిలో సాళ్ల మధ్య ఎంత ఎడము ఉండవలెను?” “నిరుడు మిగిలిన విత్తనము ఈ ఏడు మొలుస్తుందా?” ప్రశ్నలు అవే, సమాధానములూ అవే. ఒకే మాట నలభైసార్లు చెప్పి గొంతు ఎండిన యజమానికి, రాత్రి దుకాణము కట్టివేసేవేళ ఒక ఆలోచన కలుగుతుంది: “ఇదంతా వ్రాసి నెలనెలా రైతులకు అందజేస్తే ఎట్లుంటుంది?”

మరుక్షణమే రెండవ ఆలోచన వస్తుంది: “వ్రాత నా వృత్తి కాదే! చిట్టాలెక్కలు చూచుకొనుటకే తీరిక లేదు. మొదలుపెట్టి మూడవ నెలలో మానివేస్తే నలుగురూ నవ్వరా? ఒక్క తప్పుమాట వ్రాస్తే, దానిని నమ్మిన రైతు ఏడాది పంట పోదా?”

ఈ రెండు ఆలోచనలూ సబబైనవే. మొదటిది ఉత్సాహము, రెండవది వివేకము. వీటిలో దేనిమాట వినవలెనో తేల్చుకొనుటకు చరిత్ర కొంత సహాయము చేయగలదు. ఎందుకనగా ఈ ప్రశ్న నేటిది కాదు. దాదాపు మూడువందల సంవత్సరములుగా చిన్న వర్తకులు దీనిని ఎదుర్కొంటూనే ఉన్నారు. కొందరు కలము పట్టి బాగుపడినారు. కొందరు పట్టి విడిచిపెట్టినారు. ఒక ప్రసిద్ధుడైతే రెండూ చేసినాడు. ముందుగా అతని కథ చూతాము.

ఒకే మనిషి, మూడు ప్రయత్నములు

బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు చెప్పగానే మన విద్యార్థులకు గాలిపటము, మెరుపు, పిడుగుపాటును తప్పించే లోహపు కడ్డీ జ్ఞాపకము వస్తాయి. కాని ఆ విద్యుత్ప్రయోగములకు పూర్వము సుమారు ఇరవై సంవత్సరములు అతడు చేతులకు సిరా పూసుకొని బ్రతికిన అచ్చుపనివాడు. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరములో 1728లో ఒక భాగస్వామితో కలిసి చిన్న ముద్రణాలయము పెట్టినాడు. ఊరిలో అప్పటికే వేరే ముద్రాపకులు ఉన్నారు. పని దొరకవలెనన్నా, పేరు తెలియవలెనన్నా తానే ఏదో ఒకటి ప్రకటించవలసిన స్థితి.

అతని ప్రయత్నములలో మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను.

మొదటిది 1732 మే నెలలో ప్రారంభించిన జర్మను వార్తాపత్రిక. పెన్సిల్వేనియా ప్రాంతములో జర్మను వలసదారులు చాలమంది స్థిరపడి ఉన్నారు. వారి భాషలో పత్రిక లేదు. కనుక అవసరము ఉన్నదని ఫ్రాంక్లిన్ ఊహించినాడు. ఊహ సరియైనదే. కాని అతని వద్ద ఉన్నవి ఇంగ్లీషుకు వాడే రోమను అచ్చులు. జర్మనులు చదువుటకు అలవాటుపడినవి వేరు తీరు వంకర అక్షరములు. భాష కూడ వారి చెవికి ఇంపుగా లేదు. కొద్ది సంచికలతోనే ఆ పత్రిక ఆగిపోయినది.

రెండవది అదే సంవత్సరము డిసెంబరులో, రాబోయే 1733 కొరకు వెలువరించిన పంచాంగము. రిచర్డ్ సాండర్స్ అనే కల్పిత నామముతో ప్రకటించుటచేత దీనికి ‘పేద రిచర్డు పంచాంగము’ అని పేరు వచ్చినది. సూర్యోదయ సూర్యాస్తమయములు, చంద్రకళలు, గ్రహణములు, సంతలు జరిగే రోజులు, న్యాయస్థానములు కూర్చునే తేదీలు అందులో ఉండేవి. వీటి మధ్య మిగిలిన ఖాళీలలో పొదుపును, శ్రమను ప్రబోధించే చిన్నచిన్న సామెతలు చేర్చినాడు. మరి ఏ పుస్తకమూ కొనని సామాన్యులు కూడ పంచాంగము కొంటారు కనుక వారికి నాలుగు మంచిమాటలు చెప్పుటకు ఇదే తగిన సాధనమని తాను భావించినట్లు స్వీయచరిత్రలో చెప్పుకొన్నాడు. ఏటా సుమారు పదివేల ప్రతులు అమ్ముడుపోయేవని కూడ అందులోనే వ్రాసినాడు. 1758 సంచిక వరకు, అనగా ఇరవై అయిదు సంవత్సరములకు పైగా, ఆ పంచాంగము నడిచినది.

మూడవది 1741లో ప్రారంభించిన మాసపత్రిక. అప్పటికి ఫ్రాంక్లిన్ అనామకుడు కాడు. పంచాంగము ఇంటింటా ఉన్నది, నగరపు తపాలా అధికారి పదవి కూడ అతనిదే. అతని పోటీదారుడైన ఆండ్రూ బ్రాడ్‌ఫర్డు ఈ ఆలోచనను పసిగట్టి మూడు రోజులు ముందుగా తన మాసపత్రికను విడుదల చేసినాడు. ఎవరు ముందు అనే పంతము పట్టినారు కాని, చదివేవారు ఎందరు అనే లెక్క ఇద్దరూ సరిగా చూచుకొనలేదు. బ్రాడ్‌ఫర్డు పత్రిక మూడు నెలలకు, ఫ్రాంక్లిన్ పత్రిక ఆరు నెలలకు మూతపడినవి.

మనిషి ఒక్కడే. తెలివి, శ్రమ, అచ్చుయంత్రము అన్నీ అవే. మరి ఒకటి పాతికేళ్లు నడిచి, రెండు నెలలలో ఎందుకు ఆగినవి? పంచాంగమును ప్రజలు అంతకుముందే కోరుతూ ఉన్నారు. అది లేనిదే ఇల్లు గడవదు. అంతేకాక అది ఏడాదికి ఒక్కసారి చేయవలసిన పని. తన ముద్రణాలయము సంవత్సరము పొడవునా చేసే ఇతర పనులకు దానివలన ఆటంకము లేదు. మాసపత్రికలో ఈ రెండు లక్షణములూ లేవు. జర్మను పత్రికకు అవసరము ఉన్నది కాని, చదివేవాని అక్షరములు లేవు.

ఈ చివరిమాటకు ఋజువు కూడ ఉన్నది. ఫిలడెల్ఫియా ప్రక్కనే ఉన్న జర్మన్‌టౌనులో క్రిస్టఫర్ సావర్ అనే జర్మను ముద్రాపకుడు 1739లో తమవారికి అలవాటైన అక్షరములతోనే ఒక వార్తాపత్రిక ప్రారంభించినాడు. అది నిలద్రొక్కుకొన్నది. 1743లో అతడు ఆ భాషలోనే బైబిలు కూడ అచ్చువేసినాడు. ఫ్రాంక్లిన్ విడిచిపెట్టిన పొలములోనే సావర్ పంట పండించినాడన్నమాట.

టైర్లు అమ్మేవాని దారిపుస్తకము

ఫ్రాంక్లిన్‌కు అచ్చుయంత్రము సొంతము. కనుక అతడు వ్రాయుట వింత కాదని ఎవరైనా అనవచ్చును. అచ్చుతో ఏ సంబంధమూ లేని వర్తకుల సంగతి చూతాము.

ఫ్రాన్సు దేశములో క్లెర్మాంఫెరాఁ పట్టణములో ఆంద్రే, ఎడ్వర్డ్ అనే మిషెలిన్ సోదరులు 1889లో రబ్బరు వస్తువుల సంస్థను నెలకొల్పినారు. మొదట సైకిళ్లకు, తరువాత మోటారుకార్లకు గాలిటైర్లు చేసినారు. అయితే 1900 నాటికి ఫ్రాన్సు మొత్తములో మూడువేల కార్లు కూడ లేవు. ఉన్న కార్లవారు కూడ దూరప్రయాణములకు జంకేవారు. దారిలో టైరు పగిలితే ఏమి చేయవలెను? పెట్రోలు ఎక్కడ దొరుకుతుంది? రాత్రికి ఎక్కడ పడుకోవలెను? ఈ భయములు ఉన్నంతకాలము కార్లు తిరగవు. కార్లు తిరగనిదే టైర్లు అరగవు. టైర్లు అరగనిదే అమ్మకము లేదు.

ఆ సంవత్సరము ఆగస్టులో సోదరులు ఒక చిన్న పుస్తకము అచ్చువేయించినారు. టైరు విప్పి మార్చే విధానము, మరమ్మతు చేసేవారి చిరునామాలు, పెట్రోలు దొరికే స్థలములు, ఊరూరా ఉన్న హోటళ్లు అందులో ఇచ్చినారు. సుమారు 35,000 ప్రతులు ఉచితముగా పంచినారు. కార్ల సంఖ్యకు పది రెట్లకు మించిన ప్రతులు! ఉన్నవారికే కాక, కారు కొనదలచినవారికి కూడ అది అందవలెనని వారి లెక్క.

ఇందులో గమనింపదగిన సంగతి ఏమనగా, “మా టైర్లే మంచివి” అని పొగడుకొనుటకు పుస్తకము అక్కరలేదు. గోడమీద ఒక ప్రకటన చాలును. పుస్తకము చేసిన పని వేరు. కొనేవాని భయమును అది తొలగించినది. ఆ భయములు ఏవో టైర్లు అమ్మేవారికి తెలిసినంతగా మరెవరికీ తెలియవు. దినదినమూ వాటిని వింటున్నది వారే కదా! 1920లో ఆ పుస్తకమునకు వెల పెట్టినారు. అయినను జనము కొన్నారు. యుద్ధకాలములలో తప్ప ఏటేటా వెలువడుతూ వచ్చిన ఆ పుస్తకములోని పట్టణపటములు ఎంత నమ్మదగినవనగా, 1944లో మిత్రరాజ్యముల సైన్యములు ఫ్రాన్సులో దిగినప్పుడు 1939 నాటి సంచికను సైనికుల ఉపయోగమునకై మరల అచ్చువేసినారు.

అమెరికాలో జాన్ డీర్ కథ కూడ ఇట్టిదే. అతడు ఇల్లినాయ్ రాష్ట్రములో ఒక కమ్మరి. అక్కడి జిగురు నేల పోతయినుప నాగళ్లకు అంటుకొని దున్నుట కష్టమయ్యేది. 1837లో అతడు నునుపైన ఉక్కుతో నాగలి చేసినాడు. దానికి మట్టి అంటదు. అతడు స్థాపించిన సంస్థ 1895లో రైతుల కొరకు ఒక పత్రిక ప్రారంభించినది. దానికి ‘నాగటిచాలు’ అని అర్థమిచ్చే పేరు పెట్టినారు. అప్పటికి డీర్ జీవించి లేడు, సంస్థ కూడ చిన్నది కాదు. కాని నాగలి చేసేవానికి నేలసంగతి తెలియవలెననే మూలసూత్రము ఆ పత్రికలోనూ నిలిచినది. అది నేటికీ వెలువడుతూనే ఉన్నది.

తలనూనె సీసా, తుపాను

ఇక మన దేశమునకు వత్తాము. కలకత్తాలో హేమేంద్రమోహన బోసు అనే వర్తకుడు ‘కుంతలీన్’ అనే తలనూనె, ‘దెల్ఖోష్’ అనే అత్తరు తయారుచేసి అమ్మేవాడు. తలనూనె గురించి ఏటేటా ఏమి వ్రాయగలము? రెండు పుటలకు విషయము అయిపోతుంది. ఈ చిక్కును ఆయన చమత్కారముగా విప్పినాడు. 1896లో కథల పోటీ పెట్టినాడు. కథలో నూనె ప్రస్తావన రావలెను, కాని ప్రకటన వలె కనిపించరాదు. అదీ నియమము. బహుమతి పొందిన కథలను పుస్తకముగా అచ్చువేసినాడు.

మొదటి సంవత్సరము బహుమతి గెలిచిన కథ రచయిత పేరు లేకుండ వచ్చినది. వ్రాసినవారు మరెవరో కాదు, భౌతికశాస్త్రాచార్యుడైన జగదీశచంద్ర బోసు! కథ ఇట్లు సాగుతుంది: పెద్ద తుపాను కలకత్తాపై విరుచుకుపడుతుందని వాతావరణశాఖ ప్రకటిస్తుంది. కాని అది ఉన్నట్టుండి మాయమవుతుంది. శాస్త్రజ్ఞులు తలలు పట్టుకొంటారు. అసలు సంగతి ఏమనగా, ఓడలో ప్రయాణిస్తున్న కథానాయకుడు తన తలనూనె సీసాను సముద్రములో కుమ్మరించినాడు, అలలు శాంతించినవి! తరువాత బోసు ఈ కథను సవరించి 1921లో వెలువడిన తన ‘అవ్యక్త’ గ్రంథములో చేర్చినారు. భారతీయ భాషలలో తొలి వైజ్ఞానిక కథలలో ఒకటిగా దీనిని పరిగణిస్తారు. శరత్‌చంద్ర ఛటోపాధ్యాయుని తొలికథలలో ఒకటైన ‘మందిరము’ కూడ 1903లో ఈ బహుమతినే పొందినది. దానిని ఆయన తన మేనమామ పేరుతో పంపినాడు.

కథలోని విజ్ఞానము కొంత నిజము, కొంత కల్పన. నీటిపై నూనె పోస్తే చిన్న అలలు అణగుట నిజమే. దీనిని శ్రద్ధగా పరీక్షించినవాడు మన పూర్వపరిచితుడైన ఫ్రాంక్లినే. లండను సమీపమున క్లాపమ్ చెరువులో ఒక చెంచాడు నూనె పోయగా అది వ్యాపించి సుమారు అర ఎకరము నీరు అద్దమువలె నునుపైనదని 1774లో ప్రకటించినాడు. విద్యార్థులు లెక్క వేసి చూడవచ్చును. చెంచాకు 5 ఘన సెంటీమీటర్లు, అర ఎకరమునకు సుమారు 2,000 చదరపు మీటర్లు అనుకొంటే, నూనెపొర మందము మీటరులో నూరుకోట్లవ వంతులు రెండున్నర మాత్రమే అవుతుంది. ఇది ఒక నూనె అణువు పొడవునకు దగ్గరగా ఉన్నది. ఈ పలుచని పొర నీటి తలతన్యతను మార్చి చిరు అలలను అణచివేస్తుంది. గాలికి పట్టు చిక్కనీయదు. కాని తుపాను శక్తి సముద్రజలపు వేడిమినుండి, తేమగాలి నుండి వస్తుంది. దానిని సీసాడు నూనె ఆపలేదు.

కథలో ఈ అతిశయోక్తి చెల్లుతుంది. చదివేవాడు నవ్వుకొంటాడు, నమ్మడు. అదే మాటను సీసాపై చీటీగా అంటిస్తే మోసమవుతుంది. వర్తకుడు కలము పట్టినప్పుడు కథకూ చీటీకీ మధ్య గల గీతను మరువరాదు. మన ప్రభుత్వము 1954లో ఔషధములు, మాయాచికిత్సలకు సంబంధించిన అభ్యంతరకర ప్రకటనలను నిషేధిస్తూ చట్టము చేయవలసివచ్చినది. ఆ గీతను దాటినవారు ఎక్కువ కాబట్టే కదా! తప్పుదారి పట్టించే ప్రకటనలపై చర్య తీసుకొనుటకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టములో కూడ ఏర్పాటు ఉన్నది.

అమృతాంజనమూ, ఆంధ్రపత్రికా

తెలుగువారిలో ఈ విషయమునకు నిదర్శనముగా మొదట చెప్పవలసిన పేరు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిది. 1867లో కృష్ణాజిల్లా ఎలకుర్రులో జన్మించిన పంతులుగారు మందుల వ్యాపారములో అనుభవము గడించి, 1893లో బొంబాయిలో అమృతాంజనమును తయారుచేయుట ప్రారంభించినారు. కొత్త సరకు, తెలియని ఊరు. సంగీత సభలలో ఉచితముగా పంచి జనమునకు పరిచయము చేసినారని చెబుతారు.

1908లో ఆయన బొంబాయినుండే ‘ఆంధ్రపత్రిక’ను వారపత్రికగా వెలువరించినారు. తెలుగునేలకు అంతదూరమున తెలుగు పత్రిక ఏమిటని నేటి విద్యార్థులు ఆశ్చర్యపడవచ్చును. కాని బ్రతుకుతెరువు కొరకు వలసవెళ్లిన తెలుగు కార్మికులు బొంబాయిలో అప్పటికే ఉన్నారు. పైగా అది స్వదేశీ ఉద్యమము ఉధృతముగా ఉన్న కాలము. దేశములో ఏమి జరుగుతున్నదో తెలుగులో తెలుసుకొనుటకు సాధనములు తక్కువ. 1914లో పత్రిక మద్రాసుకు మారి దినపత్రిక అయినది. 1924లో ‘భారతి’ మాసపత్రిక, 1926లో ‘ఆంధ్రగ్రంథమాల’ వచ్చినవి. ఆంధ్రపత్రిక ఎనిమిది దశాబ్దములకు పైగా తెలుగువారికి సేవ చేసినది.

ఈ ఉదాహరణను జాగ్రత్తగా అర్థము చేసుకొనవలెను. పంతులుగారు తలనొప్పిని గురించి పత్రిక పెట్టలేదు. మిషెలిన్ సోదరుల పుస్తకము వారి వర్తకమునుండే పుట్టినది, దానికే తిరిగి ఉపకరించినది. ఆంధ్రపత్రిక అట్టిది కాదు. అది వేరే పని, వేరే ఖర్చు, వేరే బాధ్యత. అమృతాంజనము ఆర్జించినది, పత్రిక వ్యయపెట్టినది. అమృతాంజనము పేరు పత్రికతోపాటు ప్రతి ఊరికీ వెళ్లిన మాట నిజమే కాని, లాభము కొరకే అయితే అంతకంటె చౌకదారులు ఉన్నవి. దేశమునకు ఏదైనా చేయవలెననే సంకల్పము ఉన్నవారు మాత్రమే ఎన్నుకొనదగిన మార్గమది.

ఈ రెండింటికి మధ్యమార్గము తొక్కినవారు వైద్యులు కె. ఎన్. కేసరిగారు. పేదరికములో పెరిగిన ఆయన 1900లో మద్రాసులో ‘కేసరి కుటీరము’ అనే ఆయుర్వేద ఔషధశాల స్థాపించినారు. స్త్రీల కొరకు తయారుచేసిన ‘లోధ్ర’ ఆ కుటీరమునకు పేరు తెచ్చినది. కొనేవారు స్త్రీలు. వారి కష్టసుఖములు ఆయనకు తెలుసు. 1928లో ఆయన ‘గృహలక్ష్మి’ అనే స్త్రీల మాసపత్రిక ప్రారంభించినారు. అయితే అన్నీ తానే వ్రాయవలెనని కూర్చొనలేదు. స్త్రీలచేతనే వ్రాయించినారు. కనుపర్తి వరలక్ష్మమ్మగారు లేఖల రూపములో వ్రాసిన ‘శారద లేఖలు’ ఆ పత్రికలోనే వెలువడినవి. రచయిత్రులను సత్కరించుటకు ఆయన ఏర్పరచిన గృహలక్ష్మి స్వర్ణకంకణము 1934లో మొదట ఆమెకే లభించినది. మందుసీసా కొన్న ఇల్లాలికి ఆ పత్రిక మందును మించినది ఇచ్చినది. తనవంటివారు వ్రాసిన మాటలు ఆమెకు చదువుకొనుటకు దొరికినవి.

ఖర్చు ఎక్కడ ఉన్నది?

ఈ కథలనుండి తేలేది ఒక్కటే. వర్తకుని వ్రాత నిలుచుటకు కారణము అతడు అమ్మే సరకు కాదు. చదివేవానికి కావలసినదీ, ఈ వర్తకునికి తన పనివలన తెలిసినదీ ఒకచోట కలియవలెను. కలిసిన చోట పంచాంగమైనా, దారిపుస్తకమైనా నిలుస్తుంది. కలియనిచోట ఫ్రాంక్లిన్ వంటి మేధావి పత్రిక కూడ ఆరునెలలకు ఆగిపోతుంది.

పూర్వము ఈ నిర్ణయమునకు పెద్ద అడ్డు ధనము. అచ్చుకూలి, కాగితము, తపాలా ఖర్చు చూచి చాలమంది వెనుకాడేవారు. నేడు చేతిలోని ఫోనుతోనే వ్రాసి వేలమందికి పంపవచ్చును. కాబట్టి ఖర్చు లేదని తోస్తుంది. అది భ్రమ. ధనపు ఖర్చు తగ్గినది, కాలపు ఖర్చు తగ్గలేదు. వారమునకు ఒక వ్యాసము, దానికి మూడు గంటలు అనుకొంటే ఏడాదికి 156 గంటలు. రోజుకు ఎనిమిది గంటల పని చొప్పున అది దాదాపు ఇరవై పనిదినములు! నెలకు ఒక్కటే వ్రాస్తే 36 గంటలు, అనగా నాలుగున్నర రోజులు. ఒంటరిగా దుకాణము నడిపేవానికి ఈ తేడా చిన్నది కాదు. పాతికేళ్లు నడిచిన పంచాంగము ఏడాదికి ఒక్కసారి వచ్చినదని మరువరాదు. తరచుగా వచ్చి ఆగుటకంటె అరుదుగా వచ్చినా తప్పక వచ్చుట మేలు.

రెండవ ఖర్చు సత్యము. మన విత్తనాల యజమాని వద్దకు మరల వెళ్దాము. “నిరుడు మిగిలిన విత్తనము ఈ ఏడు మొలుస్తుందా?” అని రైతు అడిగినాడు కదా! దీనికి నిజమైన సమాధానము ఉన్నది. ఆ విత్తనమునుండి ఏరకుండ నూరు గింజలు తీసి, తడిగుడ్డలో వరుసగా పేర్చి చుట్టి, గుడ్డ ఆరిపోకుండ నీడలో ఉంచవలెను. ఆ పంటకు తగిన రోజులు గడిచిన తరువాత విప్పి ఎన్ని మొలిచినవో లెక్కించవలెను. తొంభై మొలిస్తే నూటికి తొంభై. నలభై మొలిస్తే ఆ విత్తనమును నమ్ముకొనరాదు. ఖర్చు ఏమీ లేదు, ఏ రైతైనా ఇంటివద్దనే చేసుకొనవచ్చును.

ఈ నాలుగు వాక్యములు వ్రాస్తే ఏమవుతుంది? కొందరు రైతులు పరీక్షచేసి, పాతవిత్తనము బాగున్నదని తెలుసుకొని, ఈ ఏడు కొత్తది కొనరు. అనగా యజమాని తన వ్రాతవలన తన అమ్మకమునే కొంత పోగొట్టుకొంటాడు. దానికి అతడు సిద్ధముగా ఉన్నాడా? కలము పట్టవలెనా వద్దా అనే ప్రశ్న చిట్టచివరకు ఇక్కడికే వచ్చి ఆగుతుంది. సిద్ధముగా ఉంటే వ్రాయవలెను. ఈ ఏడు కొనని రైతు పైయేడు ఏ రకము వేయవలెనో అడుగుటకు ఆ దుకాణమునకే రావచ్చును. రాకపోయినా అతని పంట నిలిచినది. సిద్ధముగా లేకపోతే గోడమీద ప్రకటన చాలును. అదీ తప్పు కాదు. ప్రకటనను ప్రకటనగానే చూపుట నిజాయితీయే. తప్పల్లా ప్రకటనకు సలహా వేషము వేయుట.

సిద్ధమైనవాడు కూడ వెంటనే చాటింపు వేయనక్కరలేదు. మొదట పన్నెండు వ్యాసములకు పన్నెండు శీర్షికలు వ్రాసుకొని చూడవలెను. ఆరుకు ఆగిపోతే నెలనెలా వ్రాయుట కుదరదు, ఏడాదికొక చిన్నపుస్తకము చాలును. పన్నెండూ వస్తే మూడు వ్యాసములు పూర్తిగా వ్రాసి పెట్టెలో ఉంచుకొని, ఆ తరువాతనే మొదటిది బయట పెట్టవలెను. తాను చేసి చూడని సంగతిని తెలిసినవారికి చూపకుండ ప్రకటించరాదు. చదివేవాడు ఇంటిలో మాట్లాడే మాటలతోనే వ్రాయవలెను. రోమను అచ్చులతో వచ్చిన జర్మను పత్రిక గతి ఇందుకు హెచ్చరిక.

ఉపాధ్యాయులు తమ తరగతిచేత ఒక చిన్న పరిశోధన చేయించవచ్చును. ప్రతి విద్యార్థి తన వీధిలోని ఒక దుకాణములో, అది మందులదైనా, సైకిలు మరమ్మతుదైనా, బట్టలదైనా సరే, యజమాని అనుమతితో ఒక గంట కూర్చొని, వచ్చినవారు అడిగే ప్రశ్నలను వ్రాసుకొనవలెను. ఏ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చినదో పట్టిక వేయవలెను. ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్నకు తెలిసినవారిని అడిగి, పుస్తకములు చూచి, ఒక పుటలో సమాధానము వ్రాసి ఆ యజమానికి చూపవలెను. ఆయన దానిని దుకాణములో అతికించుటకు ఒప్పుకొంటే, ఆ దుకాణము కలము పట్టుటకు తగినదని తేలినట్లే. ఆ పుట వ్రాసిన విద్యార్థి కూడ తన వ్రాత మరొకరికి ఉపయోగపడునట్లు వ్రాయుట నేర్చుకొన్నవాడవుతాడు.